పులిని ఉంచి పసుపును కత్తిరించారు

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో నా టీ కొట్టుకి వచ్చినవాడికి ముందు ఒక కోత, తర్వాత టీ. అదీ మా మర్యాద. మా నాన్న పెట్టిన ఆనవాయితీ అది. పలాసలో ఇంజను చల్లారిపోతే తన బీడీతో రాజేసి ఖరగ్‌పూర్ దాకా తెచ్చానని చెప్పేవాడాయన. ఆయన ముందు నేనెంత! నా కోతల వల్ల ఎవరికీ హాని జరగలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ తప్పు నాది కాదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

అరవైల చివర్లో ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు సొంతంగా ఒక రేడియో నడిపేవారు. ఒక గదిలో మైకు, అక్కణ్నుంచి హాస్టళ్లకి తీగలు, గేటు దగ్గర స్తంభానికి ఒక లౌడ్‌స్పీకరు. దాని నోరు సరిగ్గా నా కొట్టువైపే తిరిగి ఉండేది. గురువారం సాయంత్రాలు అరగంటసేపు నేల గురించీ వానల గురించీ చెట్ల గురించీ చెప్పేవారు, కొంత హిందీలో, కొంత బెంగాలీలో. ఇంగ్లీషు మొదలైతే నేను గ్లాసులు కడుక్కునేవాణ్ని.

ఒక గురువారం మా ఊరి ఎర్రరాయి గురించి చెప్పారు. పైకి గట్టిగా కనిపిస్తుందిగానీ లోపలంతా చిల్లులేనట. జల్లెడలాంటిదట. ఎగువన పోసింది దిగువ బావిలో తేలుతుందట. గ్లాసు కడుగుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

కొట్టు వెనక సందులో మా పది ఇళ్లకీ ఒకటే బావి. సందుకి ఎగువన ఒక కాంట్రాక్టరు పాత డ్రమ్ములు కొని, కాస్టిక్ సోడాతో కడిగి అమ్ముకునేవాడు. కడిగిన నీళ్లు అక్కడే నేలమీద వదిలేసేవాడు. అడిగితే, "అరే దాదా, నా యార్డెక్కడ, మీ బావెక్కడ!" అని నవ్వేవాడు. ఆ వేసవి నుంచీ బావినీళ్లు చేతికి సబ్బులా జారుతున్నాయి. అన్నం పచ్చగా ఉడుకుతోంది. సందులో పిల్లల నోళ్లు పూశాయి. ఒక శుక్రవారం మా వదిన గడపకి రాద్దామని బావినీళ్లలో పసుపు కలిపితే, అది ఎర్రబడి కూర్చుంది. సున్నం చుక్కయినా వెయ్యలేదు. పళ్లెంనిండా పారాణి!

వదిన ఆ పళ్లెం తెచ్చి కొట్లో నా ముందు పెట్టింది. "పెళ్లెవులికిరా మరిదీ?" అంది. నవ్వడంలేదు.

రేడియోవాళ్లకి చెబుదామనుకుంటూ ఉండగానే వాళ్లే వచ్చారు. ఈ చుట్టుపక్కల అడవులున్నప్పటి సంగతులు పాతవాళ్ల నోట చెప్పిస్తున్నారట. బెంగాలీ విద్యార్థి ఒకడు టేప్ రికార్డరు మోసుకొచ్చాడు. మాట్లాడించేవాడు మాత్రం మనవాడే, గుంటూరు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్నవాడు.

"మీకు గుర్తున్నవి చెప్పండి బాబాయ్ గారూ," అన్నాడు.

మర్యాద తప్పుతానా? ముందు కోత వడ్డించాను. పూరీ గేట్ అనే రైలుగేటు దగ్గరికి పులి వచ్చింది. గేటు వేసి ఉంది. పులి బుద్ధిగా కూర్చుని, గూడ్సు పోయేదాకా ఆగి, గేట్‌మ్యాన్ పచ్చజెండా ఊపాక పట్టాలు దాటి వెళ్లిపోయింది. కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత టీ ఇచ్చి, అసలు సంగతికి వచ్చాను. బావి, డ్రమ్ములు, పిల్లల నోళ్లు, పసుపు, అన్నీ వరసగా చెప్పాను. ఒక్క అబద్ధం కలపలేదు. టేపు చక్రం తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాతి గురువారం సందు సందంతా స్తంభం కింద చేరింది. వదిన పీట కూడా తెచ్చుకుంది. పులి వచ్చింది. కూర్చుంది. గూడ్సు పోయింది. పచ్చజెండా ఊగింది. తర్వాత సితార్ వాయించి, కొంగల గురించి చెప్పడం మొదలుపెట్టారు. మా బావి ఊసే లేదు.

వదిన పీట చంకన పెట్టుకుంది. "నీ పులొచ్చి మాకు నీళ్లు తోడతాదేటి?" అని వెళ్లిపోయింది.

మర్నాడు గుంటూరువాణ్ని పట్టుకున్నాను. "నా బావి ఏటైంది నాయనా?"

"నిడివి ఎక్కువైంది బాబాయ్. అదీకాక..."

"అదీకాక?"

"పసుపు ఎర్రబడిందన్నారు చూడండీ, అది మరీ అతికినట్టు లేదు. పులి వరకూ బాగుంది."

ఒళ్లు మండిపోయింది. గేటు దగ్గర జెండా కోసం కాచుకున్న పులి వీళ్లకి బాగుందట! సోడా తగిలితే పసుపు ఎర్రబడటం అతకలేదట! సీసాలూ గొట్టాలూ పెట్టుకుని రసాయనాలు చదివేవాళ్లు, గడప మొహం ఎరగనివాళ్లు! ఎర్రరాయి జల్లెడని నాకు చెప్పింది వాళ్లేగా? జల్లెడలోంచి దిగింది మా నోట్లో పడుతోందని నేను చెబితే కోతా? నవ్వించినప్పుడు పెద్దవాణ్ని, ఏడ్చినప్పుడు అబద్ధాలకోరునీనా?

వదిన నాలా అరవలేదు. మళ్లీ గురువారం బావినీళ్ల బిందె నడుముకెత్తుకుని, పసుపు పొట్లం కొంగున కట్టుకుని సరాసరి రేడియో గదికి నడిచింది. నేను వెనక.

"ఈ మనిషి మాట నమ్మొద్దు బాబూ. నేనూ నమ్మను," అంది గుంటూరువాడితో. అక్కడున్న సాసర్‌లో నీళ్లు వంచి, పసుపు వేసింది. "నీ వేలుతో నువ్వే కలుపు."

కలిపాడు. ఎర్రబడింది. తన వేలు తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత తిరుగుతున్న రికార్డు ఆపించి, మైకు ముందు కూర్చుని, బావి, డ్రమ్ములు, పిల్లల నోళ్లు, పసుపు, అన్నీ వరసగా చెప్పాడు. నేను చెప్పిన మాటలే. నా నోట కట్టుకథ, అతని నోట వార్త!

ఆదివారానికల్లా విద్యార్థులు గుంపుగా యార్డు ముందు నిలబడ్డారు. వారం తిరక్కుండా కాంట్రాక్టరు డ్రమ్ములన్నీ లారీకెత్తించాడు. ఎక్కడికి? ఇందా పేట అవతల మరో మిట్టకి. రెండు వానాకాలాలు పోయాక మా పసుపు పసుపుగానే నిలిచింది. కానీ ఆ మిట్ట కింద బావుల్లేవా? ఎర్రరాయి అక్కడ చిల్లులు పూడ్చుకుందా?

ఇదే అడిగాను గుంటూరువాణ్ని, కొట్టుకొచ్చినప్పుడు. "అదీ రేడియోలో సెప్పు నాయనా."

"పరీక్షలు బాబాయ్, చూద్దాం," అన్నాడు బల్లమీద కూర్చుంటూ. "అన్నట్టు, మన శ్రోతలు ఇంకో పులి అడుగుతున్నారు."

కోత లేకుండా ఉత్త టీ తీసుకెళ్లి అతని ముందు పెట్టాను. మా కొట్లో అంతకు మించిన అవమానం లేదు.

ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు. "చక్కెర మర్చిపోయినట్టున్నారు," అన్నాడు.