పూడ్చిన వాలు

మొన్న ఆదివారం కనిగిరి దగ్గర మా అక్క వాళ్ల పెరటి గేటు తీసి, వేసిన అడుగు వేసినట్టే నిలబడిపోయాను. పెరట్లో వాలు లేదు. పదిహేనేళ్లుగా నైరుతి మూలకు జారుతూ ఉన్న ఆ ఎర్రనేల బల్లపరుపుగా ఉంది. కొత్త మట్టి మీద ట్రాక్టరు చక్రాల గుర్తులు.

ఆ వాలే మా బావగారి గోల్ఫ్ మైదానం. ఉత్తరాది ప్రాజెక్టుల్లో ఇంజనీరుగా చేసినన్నాళ్లూ ఆ ఆట ఆడి, రిటైరయ్యాక నాలుగు కర్రలతో, బకెట్టెడు బంతులతో ఇంటికొచ్చారు. "పొద్దున్నే కర్ర పట్టుకు తిరుగుతున్నారు, అడవిపందులేమన్నా పడ్డాయా అండీ?" అని పక్క మిరపచేను రైతు ఆదుర్దాగా అడిగాడు. సత్తెనపల్లిలో పాఠాలు చెప్పుకునే నేను సెలవులకు వెళ్లి ఆయనకు శిష్యుణ్ణయ్యాను. మొదటి రోజు కంచె రాయికి సూటిగా గురిపెట్టి కొడితే బంతి ఎడమకు తిరిగి మిరపచేలో పడింది. నేలను తిట్టాను.

"ఏమోయ్, నేలేం చేసింది? బంతి నీ పాదాల కన్నా ఎత్తులో ఉంది, ఎడమకే పోతుంది. కర్ర కాస్త కిందికి పట్టుకో, గురి కుడికి పెట్టు. నేల నీకోసం మారదు, నువ్వే మారాలి."

ఆ రోజుల్లోనే ఒక వాస్తు పండితుడొచ్చి, నైరుతి పల్లం ఇల్లాలికి కీడని, వెంటనే పూడ్పించమని చెప్పాడు. బావగారు ఆయన చేతికి కర్ర ఇచ్చి, "ఇక్కణ్ణుంచి ఒక్క బంతి సూటిగా కొట్టండి, రేపే పూడ్పిస్తాను" అన్నారు. ఆయన కొడితే గుప్పెడు మట్టి లేచింది, బంతి కదల్లేదు. ఆ కథ నేను చెప్పని సభ లేదు. మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసాలన్నిటికీ కథానాయకుడు మా బావగారే.

మొన్న ఆ బావగారే వరండాలో తల వంచుకుని కూర్చున్నారు.

"ఏంటి బావగారూ ఇది?"

"గురువారం మీ అక్కకి గుంటూరులో గుండె ఆపరేషన్."

"తెలుసు. ఈ మట్టేంటి?"

తలెత్తకుండానే అన్నారు: "సంతకం పెట్టమని ఆస్పత్రిలో ఒక కాగితం ఇచ్చారు. ఏమేం జరగొచ్చో అన్నీ రాసున్నాయి. చదివాను. ఇంటికొచ్చి ట్రాక్టరు వాడికి ఫోన్ చేశాను."

లోపల్నుంచి అక్క కేకేసింది. "విన్నావట్రా తమ్ముడూ! జబ్బు నా గుండెకైతే, ఈయన పెరటికి వైద్యం చేయించాడు!"

నాకు నవ్వు రాలేదు. నేల వాలుకూ రక్తనాళానికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ఏ వేదిక మీదైనా ఇప్పటికీ గొంతెత్తి చెబుతాను. బావగారు చేసింది తప్పే. అది తప్పని నాకన్నా ఆయనకే బాగా తెలుసు. తెలిసే చేశారు. నన్ను దిమ్మెరపోయేలా చేసింది అదే.

"ఊరికే నిలబడ్డావేం, ఒక్కటి కొట్టరా," అంటూ అక్క గుమ్మంలోకి వచ్చింది.

కొత్త మట్టి మీద బంతి పెట్టి, కంచె రాయిని చూసి కొట్టాను. బంతి కుడికి పోయింది. సూటిగానే నిలబడ్డాననుకున్నాను, అలవాటు నన్ను కుడికి తిప్పేసింది.

బావగారు అప్పుడు తలెత్తారు. "వాలు లేదోయ్ ఇప్పుడు," అన్నారు మెల్లగా.

రేపే గురువారం. పదిహేనేళ్లు మేమిద్దరం గర్వంగా నిలుపుకున్న ఆ పల్లాన్ని పూడ్చడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. నా కాళ్లు మాత్రం ఇంకా ఆ వాలు మీదే ఉన్నాయి.