పురుగులకు పడని పొగ

"ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లు ఉండారామ్మా?" అని మదనపల్లె డాక్టరు అడిగాడు. ముఖానికి నెబ్యులైజర్ మాస్కు ఉండడంతో అమ్మ మాట్లాడలేక నా వైపు చూసింది. నాకు మా పట్టుపురుగుల షెడ్డు కళ్ల ముందుకొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. షెడ్డు వాకిట్లో అమ్మ సబ్బూ నీళ్లూ పెట్టేది. ఒకరోజు నాయన చేతులు కడుక్కోకుండా, సిగరెట్ పట్టుకున్న చేత్తోనే ఒక తట్టలో మల్బరీ ఆకు వేశాడు. సాయంత్రానికి ఆ తట్టలోని పురుగులన్నీ తలలెత్తి ఊగుతూ, పచ్చగా కక్కుకుని ముడుచుకుపోయాయి. భయంతో అమ్మ కొంగు పట్టుకున్నాను.

"షెడ్డుకాడికి సిగరెట్ తేవద్దని ఎన్నిసార్లు సెప్పాల? తాగాలంటే ఇంట్లోకి పోయి తాగు!" అని అమ్మ నాయన మీద అరిచింది.

మా ఇల్లు ఒకటే గది. ఆ రాత్రి నాయన పొగ వదిలినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టాను.

"మనకేం కాదామ్మా?"

"మనమేమన్నా పురుగులమా?" అని అమ్మ నవ్వింది. నేను నమ్మేశాను.

అమ్మ ఊపిరితిత్తుల్లోని సన్నని గాలితిత్తులు ఏళ్ల తరబడి పొగ పీల్చి చెడిపోయాయని, ఇక బాగుపడవని డాక్టరు నాకు చెప్పాడు. సిగరెట్ ఏనాడూ ముట్టని అమ్మ, మంచం మీద మెడ ఎత్తి గాలి కోసం వెతుక్కుంటోంది. ఆ పురుగులూ అట్లాగే తలలెత్తాయి.

వాటికి ఒక్క పూట పట్టింది. అమ్మకు ముప్పై ఏళ్లు పట్టింది.

నేనూ ఆ గదిలోనే పెరిగాను.