బాడుగలోనే దీపం

రేణిగుంట స్టేషనులో మూటలు మోసే దొరస్వామికి పండగైనా సెలవు లేదు. తెల్లవారకముందే పోయి చీకటిపడ్డాకే వచ్చేవాడు. యుద్ధం వచ్చి కిరసనాయిలు కరువయ్యాక, భార్య నాగులమ్మ గుడిసెలో తడుముకుంటూనే అతనికి సంగటి పెట్టేది.

చివరికి తిరుపతిలో ఒక గది దొరికింది.

"కొళాయి నీళ్లు, కరెంటు దీపం అన్నీ బాడుగలోనే. వేరే ఇయ్యాల్సిన పన్లేదు," అంది ఇంటామె వరలక్ష్మమ్మ.

"ఊరికే ఎవురిస్తారమ్మా? నూనె లేని దీపం యాడన్నా ఉండాదా?" అని నాగులమ్మ విసుక్కుంది.

ఆ రాత్రి దొరస్వామి వచ్చి మీట నొక్కాడు. గది మూలమూలా వెలుగు నిండింది. సంజెదీపానికి మొక్కినట్టే నాగులమ్మ కళ్లు మూసుకుని బల్బుకు దండం పెట్టింది. కళ్లు తెరిచి మొగుణ్ణి చూసి అలాగే నిలబడిపోయింది.

"నీ తల ఎప్పుడు నెరిసిందయ్యా?" అని మెల్లగా అడిగింది.