కునుకు మేస్త్రి దాచిన పాలు

మా ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. పేటలో అందరూ ఆయన్ని కునుకు మేస్త్రి అంటారు. ఏ ఇంటికెళ్ళినా ఫ్రిజ్ పక్కన పీట వేసుకుని, దాని పొట్టకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. మోటారు ఎప్పుడు ఆగుతోందో, ఎప్పుడు అందుకుంటోందో అలాగైతేనే తెలుస్తుందట. అందులో వినడం ఎంతో, కునుకు తియ్యడం ఎంతో నాకు తెలుసు. ఒకసారి ఈయన గురక విని మోటారే చెడిందనుకుని ఆ ఇంటివాళ్ళు స్విచ్చి కట్టేశారు.

ఫ్రిజ్ కూడా నిద్రపోతుందని ఆయన నమ్మకం. పూటకోసారి అది చల్లబరచడం మానేసి, లోపలి గొట్టాలను కాసేపు వెచ్చబెట్టుకుని, పట్టిన మంచును నీళ్ళుగా వదిలేస్తుంది. ఆ విశ్రాంతి దొరకకపోతే మంచు పేరుకుపోయి గాలి ఆడదు. మోటారు ఎంత తిరిగినా లోపల చల్లబడదు. ఈ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు పసిపిల్లల్ని జోకొడుతున్నట్టు మెత్తబడుతుంది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మా ఇంటి పాత ఒంటి తలుపు ఫ్రిజ్‌లో మంచు కరిగించే మీట విరిగి ఆరు నెలలైంది. పై అర గుహలా మూసుకుపోయింది. అడిగినప్పుడల్లా రేపు చూద్దామనేవాడు.

ఒకరోజు పొద్దున వెనకవీధిలో కుట్టుపని చేసే అమ్మాయి కబురు పెట్టింది. వాళ్ళది రెండు తలుపుల ఫ్రిజ్. కింద నీళ్ళు చల్లబడటం లేదు, పైన ఐసు మెత్తబడుతోంది. మా ఆయన వెనక పలక విప్పితే గొట్టాలు కనబడలేదు, మంచు గోడ కట్టేసింది. వెచ్చబెట్టే తీగ మాడిపోయింది. మంచంతా కరగాలి, కొత్త తీగ తెచ్చి బిగించాలి, సాయంత్రమవుతుంది. పై అర ఖాళీ చెయ్యమని చెప్పాడు.

ఆ అమ్మాయి కదల్లేదట. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. అరలో పాప కోసం తను పిండి దాచిన చిన్న పాల సంచులు పంతొమ్మిది, ఒక్కోదాని మీద తేదీ. పాప రెండు నెలలు ముందే పుట్టి ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. లారీ తోలే మొగుడు ఎక్కడో దారిలో ఉన్నాడు. దిగులుతో నాలుగు రోజులుగా ఆమెకు పాలు పడటం లేదు.

"ఇవే మిగిలాయి మేస్త్రీగారూ. ఇవి కరిగిపోతే పాపకి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేం లేవు" అంది.

మా ఆయన ఆ సంచులను తువ్వాలులో చుట్టి, డబ్బాలో పెట్టి, పరుగున ఇంటికి తెచ్చాడు. ఆయన పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు. పై అరలో మంచు గీరి చోటు చేసి, వాటిని లోపల సర్ది, సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"తలుపు తియ్యకు. ఎవరడిగినా తియ్యకు" అని వెళ్ళిపోయాడు.

అవసరం ఉన్నా లేకపోయినా ఆ దారిన పోతూ ఫ్రిజ్ తలుపు తీసి చూసే మనిషిని నేను. గంట గడిచిందో లేదో కరెంటు పోయింది. మలుపు దగ్గర కరెంటు తీగ తెగిందనీ, ఇప్పట్లో రాదనీ పక్కింటావిడ చెప్పింది. వెంటనే ఫోన్ చేశాను. తలుపు తియ్యలేదు కదా అని అడిగాడు ఆయన. తర్వాత, ఆరు నెలల మంచు ఉంది కదా, అదే కాపాడుతుందన్నాడు. అంతకాలం నేను తిట్టిపోసిన మంచు.

పీట వేసుకుని ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. మధ్యాహ్నం. మోటారు లేదు, ఫ్యాను లేదు, వీధిలో అలికిడి లేదు. అడుగు నుంచి ఒక చుక్క నీరు జారి నా మడమకు తగిలింది. లోపల కరుగుతోందేమో అనుకున్నాను. చెవి తలుపుకు ఆనించి కళ్ళు మూసుకున్నాను. లోపల తెల్లటి గది ఉన్నట్టూ, అందులో ఎవరో చాలా చిన్నవాళ్ళు పడుకున్నట్టూ, ఊపిరి తీసి వదులుతున్నట్టూ అనిపించింది. లేపకూడదని నేనూ ఊపిరి బిగబట్టాను. మాకు పిల్లల్లేరు, పెళ్ళై ఇరవై రెండేళ్ళు. ఆ గది ముందు కూర్చున్నంతసేపూ ఆ సంగతి నాకు గుర్తు రాలేదు.

ఎవరో భుజం తడితే మెలకువ వచ్చింది. మా ఆయన, వెనక ఆ అమ్మాయి. కొత్త తీగ బిగించడం అయిపోయింది, కరెంటూ వచ్చింది, వాళ్ళ ఫ్రిజ్ చల్లబడటానికి ఇంకా సమయం పడుతుంది. ఆసుపత్రిలో పాపకు సాయంత్రం పాలు పట్టే వేళ మాత్రం అవుతోంది. మా ఆయన తలుపు తీసి, మంచులో చెయ్యి పెట్టి, రెండు సంచులు ఒకదానికొకటి తగిలించాడు. గులకరాళ్ళ చప్పుడు వచ్చింది. అది విని ఆ అమ్మాయి నేలమీద కూలబడి ఏడ్చింది.

రెండు సంచులు ఐసు డబ్బాలో పెట్టుకుని ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. తలుపు దగ్గర నర్సు అడ్డుకుంది. అయినవాళ్ళు తప్ప లోపలికి రాకూడదంది. డబ్బా పట్టుకున్న మా ఆయన్ని చూసి, "మీరు పాపకి ఏమవుతారు?" అని అడిగింది.

ఈయనకు అబద్ధం చేతకాదు. "నేనండీ, ఫ్రిజ్..." అని మొదలుపెట్టాడు.

"పెద్దనాన్న" అంది ఆ అమ్మాయి. "ఈవిడ పెద్దమ్మ."

అయితే చేతులు కడుక్కుని రమ్మంది నర్సు. మా ఆయన డబ్బా నాకిచ్చి, వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళాడు. కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది. నేను వెళ్ళి పిలవలేదు.