గోడవార కూర

మా అపార్టుమెంటు లిఫ్టులో అద్దం పక్కన మొన్నామధ్య ఒక కాగితం అంటించారు. వచ్చే ఆదివారం ఉదయం వెనక ఖాళీ స్థలంలో పిచ్చిమొక్కలకు మందు కొట్టిస్తున్నామనీ, పిల్లలనూ పెంపుడు కుక్కలనూ అటు రానివ్వవద్దనీ దాని సారాంశం. అరవై ఏడేళ్ళ ఆడవాళ్ళు రాకూడదని అందులో ఎక్కడా లేదు కనుక, దాన్ని నాకిచ్చిన అనుమతిగానే తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళి చూశాను. కూర్మన్నపాలెంలో రెండు వానలు పడ్డాయి కదా, ప్రహరీ గోడవార పాయలకూర ఎర్రటి కాడలతో, దళసరి ఆకులతో చాప పరిచినట్టు పరుచుకుని ఉంది. పక్కనే అటికమామిడి, అదీ తినే ఆకే, ఆ పైన మామూలు గడ్డి. మందు పడితే అన్నీ ఒకేలా మాడిపోతాయి, మందుకి కూరకీ గడ్డికీ తేడా తెలియదు. తేడా తెలిసిన మనిషి మా అమ్మ.

మాది పద్మనాభం వైపు పల్లె. అమ్మ కలుపు కూలికి వెళ్ళేది. వంగ మళ్ళలోనూ మిరప మళ్ళలోనూ వరసగా గొంతుక్కూర్చుని ఆడవాళ్ళు కలుపు తీస్తూ ఉంటే, వాళ్ళ చేతులు రెండు పనులు ఒకేసారి చేసేవి: లాగిన గడ్డి గట్టు మీదకి పోయేది, తినే ఆకు చీర కుచ్చెళ్ళు ఎగదోపి కట్టుకున్న ఒడిలోకి పోయేది. కళ్ళు పక్కదాని మొహం మీద, నోరు మేస్త్రి మీద ఉన్నా వేళ్ళు మాత్రం పొరబడేవి కావు. రైతు కూడా ఏమీ అనేవాడు కాదు, తన చేను శుభ్రమైతే చాలు కదా. పొద్దు వాలేసరికి మా అమ్మ నెలలు నిండినదానిలా నెమ్మదిగా నడుచుకుంటూ ఇల్లు చేరేది, అరుగు మీద ఒడి విప్పేది. పగలు తీసిన కలుపునే సాయంత్రం అన్నంలో కలుపుకునేవాళ్ళమన్నమాట. పాయలకూరకి చింతపండు అక్కర్లేదు, పులుపు దానిలోనే ఉంటుంది. కందిపప్పులో వేసి, ఎండుమిరపా వెల్లుల్లీ తాలింపు పెడితే, నేను ముద్దలు లెక్కపెట్టుకోవడం మానేసి ఇవాళ్టి ఈ ఆకారానికి అప్పుడే పునాది వేసుకున్నాను.

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో ఇటువైపు కొత్త బడులు లేచాయి, ఒక బడిలో నాకు గుమాస్తా పని దొరికింది. వెనక కాస్త పెరడున్న అద్దె ఇంట్లో ఉండేదాన్ని. పల్లె యాస నాలుక మీంచి గీకేసుకుని, పుస్తకాల తెలుగు పూసుకుని తిరిగే వయసది. ఒక సెలవు రోజున నాతో పనిచేసే టీచర్లను ముగ్గుర్ని భోజనానికి పిలిచాను. అమ్మ ముందురోజే వచ్చింది. నేను కొని తెచ్చిన కాలిఫ్లవరు చూసి పెదవి విరిచి, పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి పాయలకూర చివుళ్ళు గిల్లుకొచ్చింది. చేలో అయితే వేళ్ళతో సహా లాగేది గానీ ఇంటి దగ్గర ఎప్పుడూ చివుళ్ళే, మళ్ళీ చిగురించాలని.

టీచర్లు కాలిఫ్లవరు పక్కకి తోసి పప్పే మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. ఇదేం ఆకే, ఎక్కడ కొన్నావే అని ఒకావిడ అడిగింది. నేను తడుముకోకుండా పూర్ణా మార్కెట్లో కొన్నానన్నాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను, కొత్త రకం పాలకూర, రాయపూరు నుంచి రైల్లో వస్తుంది అని కూడా చెప్పాను.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మకి నా అబద్ధం అర్థం కాలేదు, మెచ్చుకోలు ఒక్కటే వినబడింది. మొహం వెలిగిపోతూ, "రైలేటి? కొనడమేటమ్మా! గోడవారే కోసినాను. సూడండి, ఇంకా ఉంది" అంది.

మూడు చేతులు పళ్ళేల మీద ఆగిపోయాయి. "అయ్యబాబోయ్, గడ్డి పెట్టేసినావేటే మాకు!" అని ఆ అడిగినావిడే నవ్వింది. తక్కిన ఇద్దరూ నవ్వారు. అమ్మ నా మొహంలోకి చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు, ఇది మేం తినే కూరే అని. నేనన్నాను, "మా అమ్మకి తెలీదు, పొరపాటున కోసేసింది" అని.

కళ్ళు మూసుకుని కలుపులో కూర ఏరే మనిషిని, తెలీదన్నాను.

అమ్మ మిగిలిన పప్పంతా వంటింట్లో ఒక్కర్తీ కూర్చుని తినేసింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంటికి వస్తూనే ఉంది. వంకాయలు తెచ్చేది, అరటికాయలు తెచ్చేది, అన్నీ కొన్నవే. పెరటి గోడ వైపు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

అందుకే ఆదివారం పొద్దున్న ఆ ఖాళీ స్థలంలో, పాయలకూర మధ్యన, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మందు కొట్టే అతను డబ్బా వీపుకి తగిలించుకుని వచ్చాడు, వెనకాలే మా అసోసియేషన్ సెక్రటరీ. మా అబ్బాయి వయసువాడు, మంచివాడే.

"ఆంటీ, పక్కకి రండి, మీ మీద పడిపోద్ది."

"పడనీ."

"పాములొచ్చేత్తాయాంటీ. మీటింగులో అందరూ ఒప్పుకున్నారు కదా!"

"నాను ఒప్పుకోలేదు బాబూ. ఆ రోజు మోకాళ్ళ నొప్పని రాలేదు."

"మరి ఈ గడ్డంతా ఎవులు పీకుతారు?"

"నాను పీకుతాను."

"ఆ మోకాళ్ళతోనా?"

గీకేసుకున్న యాస ఎక్కడ దాక్కుందో గానీ, అవసరానికి అదే వచ్చి నిలబడింది. మందతను ఎందుకైనా మంచిదని డబ్బా దింపి నీడన కూర్చున్నాడు. సెక్రటరీ తల గోక్కుని, నెల రోజులు చూస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే మందేననీ చెప్పి వెళ్ళాడు.

అలా రిటైరైన గుమాస్తా కలుపు కూలీ అయింది. మొదటి రోజు నైటీలో దిగాను. నైటీకి ఒడి ఉండదని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. మర్నాటి నుంచి నేత చీర కట్టి, కుచ్చెళ్ళు ఎగదోపి ఒడి కట్టుకున్నాను. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను కనుక, ఒకసారి కూర్చున్నాక అందినంత మేరా గడ్డి పెరికి, కుర్చీ పట్టుకుని లేచేదాన్ని. పాయలకూరకి మాత్రం చివుళ్ళే గిల్లాను. వారం తిరిగేసరికి వేళ్ళు నన్నడగడం మానేశాయి.

నెలకి సెక్రటరీ చూడవచ్చాడు. గడ్డి లేదు, కూర ఉంది. కాసేపు అటూ ఇటూ తిరిగి, సరేలెండి ఆంటీ, మందు వద్దని చెప్పేత్తాను అన్నాడు. ఊరికే పంపిస్తానా, పైకి తీసుకొచ్చి భోజనం పెట్టాను. రెండోసారి పప్పు వేయించుకుంటూ, "బాగుందాంటీ, ఎక్కడ కొన్నారు?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసం నలభై ఏళ్ళకి పైగా ఆగాను. ఇప్పుడు పెద్ద దుకాణాల్లో ఇదే కూరని కట్టలు కట్టి అమ్ముతున్నారట. రైల్లో వస్తోందని నేనాడిన అబద్ధం ఎక్కడో నిజమయ్యే ఉంటుంది. వంటింటి గుమ్మం మాత్రం ఖాళీగా ఉంది. అయినా అటువైపే తిరిగి, కాస్త గట్టిగానే చెప్పాను.

"కొనడమేటి బాబూ, గోడవారే కోసినాను. మాయమ్మకి బాగా తెలిసిన కూర."