దానిమ్మకు పూచీపడ్డ తోటమాలి

ఎడారి అంచునున్న కాషాన్ పట్టణంలో ఎందరో రాజులు తోటలు వేయించి, వాటి నీడలో నాలుగు వేసవులైనా సుఖపడకుండానే మన్నైపోగా, ఒక తరం కట్టుకున్న గోడలను భూకంపం కూల్చితే మరొక తరం మట్టీ గడ్డీ పిసికి మళ్ళీ లేపుకోగా, ఒంటెల బాటలు చెరిగి లారీల బాటలు పడగా, కొండ కడుపులోంచి భూమి కిందుగా నడిచివచ్చే కాలువనీరు మాత్రం ఏ రాజు పేరూ అడగకుండా వీధివీధికీ వంతు ప్రకారం పారుతూనే ఉన్న ఆ సుదీర్ఘకాలంలో, తన అరవై రెండేళ్ల బ్రతుకులో నలభై నాలుగేళ్లు పరుల ముంగిళ్లను చక్కదిద్దడానికే వెచ్చించిన ఉస్తాద్ కరామత్ జీవితం ఎంతటిదని అడిగితే, కాలువ మీద తేలిపోయే గులాబీరేకు ఎంతటిదో అంతటిదని చెప్పాలి. అయినా ఆ రేకు పోయిన దారిలో కొంతసేపు పరిమళం నిలిచింది. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

వీధివైపు మట్టిగోడ తప్ప మరేమీ చూపని ఆ ఊరి ఇళ్లకు లోపలి ముంగిలే ముఖం. అందుచేత ఇల్లు అమ్మదలచినవారు కొనేవాణ్ణి పిలవడానికి నలభై రోజుల ముందు కరామత్‌ను పిలిచేవారు. అతడు వచ్చి మొదటి రోజున ఏ పనీ చేసేవాడు కాడు. ముంగిలి మధ్యనున్న నీటితొట్టి గట్టు మీద కూర్చుని టీ తాగుతూ, ఎండ ఏ గోడ మీదినుంచి ఏ గోడ మీదికి నడుస్తున్నదో చూసేవాడు. రెండో రోజున తొట్టి ఎండగట్టి, పగుళ్లు పూడ్చి, లోపల నీలిరంగు వేసేవాడు. పిదప ఇటుకల పరుపును ఇసుకతో తోమి కడగడం, నాలుగు మడుల గట్లు సవరించడం, ద్రాక్షతీగను పందిరికి ఎక్కించడం, మెట్టుకొక పూలకుండీ పెట్టడం. నెల తిరిగేసరికి ఆ ఇంటికి పెళ్లికళ వచ్చేది, ధర కూడా ఆ కళను అనుసరించే లేచేది.

"కొనేవాడు కళ్లతో కొనడమ్మా, చెవులతో కొంటాడు," అనేవాడు. "గుమ్మంలో చీకటి దాటకముందే నీళ్ల చప్పుడు వినపడాలి. వినపడిందా, సగం బేరం అయినట్టే."

ఊళ్లో ఈ పని చేసేవారు మరి ఇద్దరు ముగ్గురు లేకపోలేదు. వేరు లేని కొమ్మను మట్టిలో గుచ్చి గులాబీచెట్టు అనిపించడం, బజారులో కొన్న నారింజలను దారంతో కొమ్మకు కట్టడం వారికి పరిపాటి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే లోకంలో కరామత్ మాత్రం వేరు పట్టని మొక్కను ఎవరి కంటా పడనిచ్చేవాడు కాడు. తోటనే పరలోకసుఖానికి పోలికగా చెప్పిన దేవుడి ఎదుట దొంగపువ్వు నాటడం అబద్ధసాక్ష్యం పలకడంతో సమానమని అతని నమ్మకం.

అతనికి మరొక పేరు కూడా ఉంది. గొడ్డుచెట్లకు పూచీపడేవాడు. చలికాలం చివర, మొగ్గ కదలకముందు, కాయని చెట్టు దగ్గరికి ఇంటివారు గొడ్డలి పట్టుకుని వెళ్లి, దాని మొద్దువైపు మడమతో రెండు దెబ్బలు వేసి, నిన్ను నరికేస్తానని బెదిరిస్తారు. పక్కన నిలబడ్డవాడు చెయ్యి పట్టుకుని ఆపి, ఈ ఏడాదికి విడిచిపెట్టు, కాయకపోతే నాదీ పూచీ అంటాడు. చెట్టు వింటుందని, సిగ్గుపడి కాస్తుందని పెద్దల మాట. కరామత్ అదివరకు పదకొండు చెట్లకు పూచీపడ్డాడు. పదకొండూ కాసి అతని మాట నిలబెట్టాయి.

పన్నెండోది మాహ్‌లఖా ఖానం ఇంటి దానిమ్మ.

మాహ్‌లఖా నలభై అయిదేళ్ల వితంతువు. పెళ్లిబట్టలు కుట్టడంలో ఆమె సూదికి ఊరంతటా పేరు. ఇరవై ఏళ్లుగా ఇంటి వెనుకగదిలో ఒంటిదీపం కింద కుట్టి కళ్లు మసకబారిన ఆమెకు, బజారు పక్కన పెద్ద కిటికీలున్న కుట్టుమందిరం ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసింది. ఇల్లు అమ్మితేనే అది దక్కుతుంది. మందిరం యజమాని వసంతం తొలినాడు వచ్చే నౌరోజ్ పండుగ దాకా ఆగుతానన్నాడు, ఆపైన ఒక్క రోజు కూడా ఆగనని ముందే చెప్పాడు.

"చూడు ఉస్తాద్," అంది మాహ్‌లఖా మొదటి రోజునే, "నా పెళ్లినాటి పందిరి కంటే బాగుండాలి. కానీ నా పెళ్లికైనంత ఆలస్యం మాత్రం కాకూడదు."

"నీ పెళ్లికి ఆలస్యం పెళ్లికొడుకు వల్లటగా?"

"కాదు, తోటమాలి వల్లే. టీ తాగుతూ కూర్చున్నాడు."

పొరుగింటి తూబా బీబీ గోడ మీదినుంచి నవ్వింది. ఇరుగుపొరుగు సంగతులలో ఆమె తెలుసుకోదలచి తెలుసుకోలేనిది ఏదీ లేదు.

పని సాగుతుండగా కరామత్ ముంగిలిలోకి నీరు తెచ్చే కాలువ మలుపులోనున్న దానిమ్మ దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ల చెట్టు. అయిదేళ్లుగా ఒక్క కాయ లేదు. తూబా బీబీ అప్పటికప్పుడు గొడ్డలి తెచ్చి మాహ్‌లఖా చేతికిచ్చి, "బెదిరించవే, ఉస్తాద్ ఉండగానే కానిద్దాం. కాసే చెట్టున్న ఇల్లు వేరు, గొడ్డుచెట్టున్న ఇల్లు వేరు," అంది.

మాహ్‌లఖా కొంగు బిగించి గొడ్డలి మడమతో రెండు దెబ్బలు వేసింది. "తిన్నావు, తాగావు, నీడకూడా సరిగ్గా ఇవ్వలేదు. ఇవాళ నిన్ను పొయ్యిలో పెట్టేస్తాను."

ఆమె చెయ్యి పట్టుకోవడానికి వంగిన కరామత్ కంటికి అప్పుడు కనబడింది చెట్టు మొదట్లో ఉంగరంలా పడిన గాయం. బట్టలారవేసే ఇనుపతీగ. ఎన్నేళ్ల కిందట కట్టారో, బెరడును కోసి, కండలోకి దిగి, పైన బెరడు దాన్ని మింగబోయి మింగలేక ఉబ్బిపోయింది. మెడకు ఉరి బిగించి పాట పాడమన్నట్టుంది ఆ చెట్టు సంగతి.

"వదిలెయ్యమ్మా," అన్నాడు ఆమె చెయ్యి పట్టుకుని. "దీన్ని కొట్టకు. దీనికి నాదీ పూచీ. నేనున్నాను."

అంతే అన్నాడు. ఈ ఏడాదికి అనలేదు. నలభై నాలుగేళ్లలో ఏనాడూ మరువని గడువుమాట ఆనాడు నోటికి రాలేదు. గోడ మీది తూబా బీబీకి మాత్రం ఆ లోటు వెంటనే పట్టింది. ఆమె కళ్లు చిన్నవి చేసి ఊరుకుంది. అతడు తీగను ముక్కముక్కగా తీసి, గాయానికి బంకమట్టీ పేడా కలిపి పూసి, పనిలో పడిపోయాడు.

నౌరోజ్‌కు ఇరవై రోజులుండగా హాజీ సత్తార్ ఇల్లు చూడవచ్చాడు. అతడు పక్కనున్న ఖమ్సర్ ఊళ్లో గులాబీల పన్నీరు కాచే మనిషి. మాట్లాడితే మీసాలలోంచి గులాబీ వాసన వస్తుందని ఊళ్లో హాస్యం. గుమ్మంలో చీకటి దాటకముందే ఆగి, నీళ్ల చప్పుడు విని, తల ఊపాడు. నీలితొట్టిలో ఆకాశం, మెట్ల మీద పూలు, పందిరికెక్కిన తీగ చూసి తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఖానం, బేరమాడటానికి నోరు రావడం లేదు. మీరడిగిందే ఇస్తాను," అన్నాడు. "ఒకే ఒక్క మాట. గులాబీల నెలలో నాకు రాగికాగులు పెట్టుకోవాలి. పొయ్యి నీటి పక్కనే ఉండాలి. ఆ మలుపులో దానిమ్మ తీయించేస్తే చాలు. కాయని చెట్టేగా?"

మాహ్‌లఖా ముఖం వెలిగింది. కరామత్ ముఖం మాత్రం మాడిపోయింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. అయితే అతడు నేరం ఒప్పుకునేవాడిలా ముందుకు వచ్చి, "హాజీ, ఆ చెట్టుకు నేను పూచీపడ్డాను," అన్నాడు.

హాజీ సత్తార్ లేచి నిలబడ్డాడు. "ఎప్పటిదాకా?"

"గడువు చెప్పలేదు."

"చెప్పలేదు," అంది గోడ మీదినుంచి తూబా బీబీ. "నేను సాక్షిని. నేనున్నాను అన్నాడు, అంతే."

"అయ్యో ఉస్తాద్," అన్నాడు హాజీ మెల్లగా. "పూచీ ఉన్న ఖైదీని ఉరితీసే న్యాయాధికారి ఉంటాడా? దాని మీద గొడ్డలి పడితే నా కాగులో గులాబీలు కుళ్లుతాయి. నాకు ఇల్లు నచ్చింది, మనిషీ నచ్చాడు. కానీ ఆ పొయ్యి లేకపోతే ఈ ఇల్లు నాకెందుకు?" వారం రోజులు ఆలోచించుకోమని చెప్పి, తలుపు దగ్గర మరోసారి నీళ్ల చప్పుడు విని, వెళ్లిపోయాడు.

మాహ్‌లఖా వీధితలుపు మూసి వచ్చింది. తరువాత అంది: "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా ముంగిలి బాగుచెయ్యమని పిలిచాను ఉస్తాద్, నా నోటిదగ్గరి కూడు తియ్యమని కాదు. ఒక్క ఏడాది అని ఉంటే హాజీ ఆగి ఉండేవాడు. అలా అంటే నీ నోటి ముత్యాలేం రాలిపోయేవి?"

అతడు కూలి వద్దన్నాడు. "నీ కూలి నాకెందుకు, నా కిటికీలు నాకు కావాలి," అంది ఆమె. ఆ మాట అతనికి గొడ్డలి మడమదెబ్బకంటే గట్టిగా తగిలింది.

ఇంటికి వచ్చి కరామత్ మూడు రోజులు గడప దాటలేదు. భార్య గోలాందాం ఇడుముల్లోనైనా చమత్కారం విడువని మనిషి. మొదటి రోజు జాలిపడింది, రెండో రోజు విసుక్కుంది, మూడో రోజు మధ్యాహ్నం అన్నపుపళ్లెం అతని ముందు పెట్టి అందుకుంది:

"అప్పు చేసినవాడికి పూచీపడ్డ మగాడు ఏం చేస్తాడు? బాకీదారుణ్ణి తీసుకొచ్చి తన ఇంట్లో కూచోబెట్టుకుంటాడు. నువ్వేమో నీ బాకీదారుణ్ణి ఆడమనిషి వాకిట్లో వదిలేసి, ఇక్కడ నా అన్నం చల్లారబెడుతున్నావు."

కరామత్ ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె వైపు చూశాడు. తరువాత కిటికీలోంచి తమ చిన్న ముంగిలి వైపు చూశాడు. అందులో ఎండ నిండుగా పడే చోటు ఒక్కటే. అది గోలాందాం కూరాకుమడి. పుదీనా, మెంతి, ఉల్లికాడ, తుంపిన కొద్దీ చిగిర్చే ఆ మడి ఆమెకు ప్రాణం.

ఆమెకు అర్థమై, పళ్లెం వెనక్కి లాక్కుంది. "నేను మాట వరసకన్నాను."

"నేనూ మాట వరసకే అన్నాను, ఆ రోజు," అన్నాడు కరామత్. "నోరు జారితే కాలు కూడా వెంట నడవాలి, గోలాందాం."

ఆమె సాయంత్రం ప్రార్థన ముగించుకుని, కత్తెర తీసుకుని వెళ్లి, మడిలోని ఆకు మొదలంటా కోసి బుట్టలో వేసింది. "రేపు కూరాకు పులావు," అంది. "ఊరంతా తిన్నా మిగులుతుంది. ఎల్లుండినుంచి పుదీనా బజారులో కొంటావు, నేను చెప్పినంత."

ఇక అడగవలసింది అప్పు ఇచ్చినావిడను, మాహ్‌లఖాను. ముప్పై ఏళ్ల చెట్టును వేళ్లతో తీసి తన మడిలో నాటితే బతుకుతుందో లేదో అన్న మాట కరామత్ దాచలేదు. మాహ్‌లఖా చెట్టు మెడ మీది గాయాన్ని వేలితో తడిమింది. ఆ తీగ కట్టిన చెయ్యి తనదేనని ఆమెకు గుర్తుంది.

"తీసుకెళ్లు," అంది. "నా దగ్గర మాత్రం ఏం సుఖపడింది గనక?"

రెండు రోజులు తవ్వాడు. చుట్టూ నడుములోతు గుంట తీసి, వేళ్ల మట్టి చెదరకుండా తడిపిన గోనెలు చుట్టి కుట్టించాడు. కుట్టినది మాహ్‌లఖాయే, పెళ్లిబట్టలు కుట్టే సూది పక్కనపెట్టి దబ్బనంతో. ఎండవైపున్న బెరడు మీద సున్నంతో గీత గీశాడు. కొత్తచోట కూడా ఆ ముఖం దక్షిణానికే ఉండాలి, లేకుంటే చెట్టు దిక్కు తెలియని ముసలివాడిలా కుంగుతుందని అతడి అనుభవం. తోపుడుబండి తోసేవాళ్లలో ఒక చెయ్యి తక్కువైతే హాజీ సత్తార్ తన శాలువా తూబా బీబీ చేతికిచ్చి తానే భుజం పట్టాడు.

"హాజీ, మీసాలకు మన్ను అంటుతుంది," అంది తూబా బీబీ.

"అంటనీ. పన్నీటితో కడుక్కుంటాను, నాకేం కరువు."

పండుగకు ఆరు రోజులుండగా ఇంటిపత్రాల మీద సంతకాలు పడ్డాయి. మాహ్‌లఖా ఇప్పుడు పెద్ద కిటికీల వెలుగులో, నలుగురు ఆడపిల్లలకు పని నేర్పుతూ, కళ్లు చికిలించకుండా సూది ఎక్కిస్తున్నది. ముంగిలి మలుపులో హాజీ కాగులు గులాబీల నెలంతా ఆవిరి విడుస్తాయి. ఆ నెలలో ఇల్లు కొంటానని ఇద్దరు ఎక్కువ ధర చెప్పినా అతడు అమ్మలేదు.

దానిమ్మ మాత్రం మొదటి వేసవిలో ఆకంతా రాల్చి కట్టెలా నిలిచింది. గోలాందాం బియ్యం కడిగిన నీళ్లు రోజూ దాని మొదట్లో పోస్తూ, "నా పుదీనా మింగినదానివి, ఊరికే చావనిస్తానా?" అని తిట్టేది. రెండో వసంతంలో చిగిర్చింది. మూడో ఏట పూసింది, పూతంతా రాలింది. నాలుగో ఏడు నడుస్తున్నది. కాయ లేదు. కరామత్ మాట చెల్లని చెట్టు ఇదొక్కటే అని బజారులో ఎగతాళి చేసేవారున్నారు. అతడు నొచ్చుకోడు.

ఏటా దానిమ్మలు పండే వేళకు బజారులో ఒక పళ్లెం కాయలు ఏరి కొని, తువ్వాలు కప్పి, కుట్టుమందిరానికి పట్టుకెళ్తాడు. "బాకీదారు ఇంకా కోలుకుంటున్నాడు ఖానం. పూచీదారు తెచ్చాడు, పుచ్చుకో," అంటాడు.

మాహ్‌లఖా ఒకటి ఒలిచి నోట వేసుకుంటుంది. "పుల్లగా ఉన్నాయి. ఇలాంటివి తెస్తే నీ పూచీ తీరదు."

"తీరితే మళ్ళీ రావడానికి దారేది?" అని అతడు కిటికీ దగ్గర కూర్చుని టీ అడుగుతాడు.

ఆ చెట్టు కాసినా కాయకపోయినా, ఇచ్చిన మాటకు మడి ఇచ్చి నిలిచిన ఉస్తాద్ కరామత్‌కు, తీర్పునాడు సర్వదయాళువు తానే పూచీగా నిలుచుగాక. గోలాందాం చేతిలో ఆకు, కుండలో అన్నం, నోట చమత్కారం తరుగకుండుగాక. ఆ గడప లోపలి వారికి నీడా, నీటివంతూ, ఒకరిపై ఒకరికున్న ప్రేమా ఎన్ని వసంతాలకైనా తప్పకుండా అందుచుండుగాక.