పక్క సీటు పిల్ల కోసం

మా కింది పోర్షన్ పిన్నిగారు పోయారన్న కబురు నాకు ఆఫీసులో ఉండగా వచ్చింది. ఆవిడ అక్కకూతురు ఫోన్ చేసి, "పిన్ని పోయిందండి. టిఫిన్ తిని కుర్చీలో కూర్చుంది, అంతే" అంది. నేను "అలాగేనండి" అన్నాను. చావు కబురుకి అలాగే అనే మనిషి ఎక్కడైనా ఉంటుందా? తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొవ్వూరులో ఆ మేడమీద గదిలో నేను ఆరేళ్ళుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. పొద్దున్నే వంతెన దాటి రాజమండ్రిలో ఉద్యోగానికి వెళ్ళడం, సాయంత్రం తిరిగి రావడం. కింద పిన్నిగారు. ఆవిడ పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కుట్టేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే చీర మార్చుకుని మల్లెమొగ్గల బుట్ట ముందేసుకునేవారు. ఈ చుట్టుపక్కల ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళారో ఆవిడకే తెలియదు. ఏ పెళ్ళి ఆల్బమ్‌లోనూ ఆవిడ ముఖం మాత్రం ఉండదు. పెళ్ళికూతురి వీపు వెనక రెండు చేతులు కనిపిస్తాయి, అవి ఆవిడవి.

"అందరూ ముందునుంచి చూస్తారమ్మా. నేను వెనకనుంచి చూస్తాను. మెడ చూస్తే చాలు, ఆ పిల్లకి పెళ్ళి ఇష్టమో కాదో తెలిసిపోద్ది" అనేవారు.

ఒక సాయంత్రం కరివేపాకు ఇవ్వడానికి పైకి వచ్చి, నా లాప్‌టాప్‌లో నడుస్తున్న జపాను సిరీస్ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటమ్మా వీళ్ళు మాట్లాడుకునేది?"

"ప్రేమకథండి. నవ్వులాటగా ఉంటుంది. వాళ్ళ మాటలు కింద ఇంగ్లీషులో వేస్తారు."

"నాకు ఇంగ్లీషు రాదుగా. చదివి చెప్పు మరి."

అలా మొదలైంది. రోజూ ఆరున్నరకి మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. నేనే లాప్‌టాప్ తీసుకుని కిందికి వస్తానంటే, "వద్దు, నీ గదిలో గాలి బాగుంటుంది" అనేవారు. నేను నేలమీద కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చదివేదాన్ని. ఆవిడ వెనక మంచం మీద పూలు కుట్టుకుంటూ వినేవారు.

ఆ కథలో హీరోయిన్ ఒక ఆఫీసులో కొత్తగా చేరుతుంది. హీరో ఆమె పైఅధికారి. పిన్నిగారికి వాళ్ళిద్దరూ అస్సలు నచ్చలేదు. "దానికి వర్షంలో తడవడం తప్ప ఏం వచ్చు? వాడు చూస్తే గోడకి జేరబడి నిలబడతాడు" అని తీసిపారేశారు. ఆవిడ చూపంతా హీరోయిన్ పక్క సీటులో కూర్చునే అమ్మాయి మీదే. పక్క సీటు పిల్ల అని పేరు కూడా పెట్టారు. ఆ అమ్మాయికీ హీరో అంటే ఇష్టమే. ఆ సంగతి కడుపులో దాచుకుని స్నేహితురాలి పని చక్కబెడుతూ, అందర్నీ నవ్విస్తూ తిరుగుతుంది. పిన్నిగారికి జపాను భాష ఒక్క ముక్క రాకపోయినా ఆ అమ్మాయి గొంతు వినపడగానే సూది ఆపి తలెత్తేవారు.

"ఆ నవ్వు చూడవే. ఇంటికెళ్ళి అన్నం తినదు ఆ పిల్ల."

ఎనిమిదో భాగంలో ఆ అమ్మాయికి వేరే ఊరు బదిలీ అయింది. రైలెక్కి వెళ్ళిపోయింది. పిన్నిగారు ఆ రోజు జడ పక్కన పెట్టేసి, "మళ్ళీ వస్తుందా?" అని అడిగారు. మర్నాడు నేను ఆగలేక మిగతా భాగాలు గబగబా జరిపి చూశాను. ఎక్కడా లేదు. ఒక్క ఫోన్ కాల్ కూడా లేదు. రాసినవాళ్ళు ఆ పిల్లని మర్చిపోయారు.

నేను మాత్రం, "వస్తుందండి, ముందుముందు వస్తుంది" అని చెప్పేశాను. నిజం చెబితే పిన్నిగారు పైకి రావడం మానేస్తారని నా భయం. సిరీస్ అయిపోతుందన్న భయంతో రోజుకి పావుగంటకి మించి పెట్టేదాన్ని కాదు. ఆవిడ రోజూ వచ్చి, "ఇవాళ వస్తుందంటావా?" అని అడిగేవారు. నేను రోజూ "రేపనుకుంటానండి" అనేదాన్ని. రెండు భాగాలు మిగిలి ఉండగా ఆవిడే వెళ్ళిపోయారు. సమాధుల తోటలో పాటలు పాడుతుంటే నాకు ప్రార్థన మీద ధ్యాస లేదు. పెద్దావిడని చివరిదాకా ఉత్తి అబద్ధంతో కూర్చోబెట్టానే అని ఒకటే బాధ.

పోర్షన్ ఖాళీ చేయడానికి అక్కకూతురు వచ్చినప్పుడు ఉండబట్టలేక ఆ సంగతి చెప్పేశాను. ఆమె వింతగా చూసింది.

"ఆ జపాను సిరీసా? పిన్నికి తెలుసు కదండీ! ఆమధ్య మా ఇంట్లో వారం రోజులు ఉందిగా, అప్పుడు చివరిదాకా నాచేత పెట్టించుకుని చూసేసింది. ఆ పిల్ల ఇంక రాదని తెలిసి, ఆ తీసినోళ్ళని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది."

ఆ వారం నాకు గుర్తుంది. బదిలీ భాగం అయిన వెంటనే వెళ్ళారు. తిరిగొచ్చాక నెల పైగా రోజూ మెట్లెక్కారు, రోజూ అదే మాట అడిగారు.

"మరి అన్నీ తెలిసి నన్నెందుకు అడిగేవారండీ?"

"మీరేమీ అనుకోకండి. 'పైనున్న అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడదే, ఆ సిరీస్ అయితే నాకు చదివి చెప్పాలి కాబట్టి కాసేపైనా నోరు విప్పుతుంది' అనేదండి."

నేను ఆమెతో పాటు గిన్నెలు సర్దాను.

మిగిలిన రెండు భాగాలూ నిన్న ఆదివారం పెట్టుకున్నాను. బొమ్మ కింద అక్షరాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరూ లేని గదిలో సిగ్గుపడుతూనే మొదటి వాక్యం తెలుగులో పైకి చదివాను. గొంతు బొంగురుగా, ఎవరిదోలా వచ్చింది. అప్పటికి సాయంత్రం ఆరున్నర దాటింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నా నోటివెంట వచ్చిన మొదటి మాట అదే.